ఏడాది ముట్టని మూట

వెలుగు పక్షం, తొమ్మిదో రోజు

మామూలు పొద్దు ఎలా ఉంటుందో ముందు రాసి పెట్టుకుంటాను. మొన్నటిదే చివరి మామూలు పొద్దు అనిపిస్తోంది.

మొన్న లేచాను. ముఖం కడుక్కుని మోకరించి ప్రార్థన చేసుకున్నాను. బొంత మడిచి మంచం మీద కాళ్ళవైపు పెట్టాను. కోళ్ళగదికి నడిచాను. నడక అనకూడదేమో. వచ్చి ముప్పై ఏళ్ళవుతున్నా నా కాళ్ళు ఇంకా భూమినే వెతుక్కుంటాయి. చంద్రుడు అడుగడుక్కీ నన్ను కాస్త ఎత్తి, మెల్లగా దింపుతాడు.

తలుపు తీసేసరికి నలభై కోళ్ళలో సగం కప్పు కింద గొట్టాల మీద కూర్చుని ఉన్నాయి. ఇక్కడ కోడి ఒక్కసారి రెక్క కొడితే తల కప్పుకి తగులుతుంది. పొడుగు కర్రకి వల కట్టి ఒక్కొక్కదాన్ని దించాలి. అందుకు నా తమ్ముడు రూబేను వస్తాడు. నీడగట్టు ఊరికి వాడు నీళ్ళ గొట్టాల మేస్త్రీ. నాకు కోళ్ళు దించేవాడు.

"ఇవి కోళ్ళు కావక్కా, గబ్బిలాలు."

"దించు."

"నేనొక రోజు రాకపోతే ఏం చేస్తావు?"

"ప్రార్థన."

"దిగుతాయా?"

"నువ్వు వస్తావు."

వాడు నవ్వాడు. వల జారి, దించిన కోడి మళ్ళీ పైకి పోయింది.

గూళ్ళలో గుడ్లు ఏరాను. ఒకటి చేయి జారింది. ఇక్కడ గుడ్డు జారినా కంగారు పడక్కర్లేదు. అది నేలకి చేరేలోపు వంగి అందుకోవచ్చు. అందుకున్నాను. దాన్నే పగలగొట్టి, పచ్చసొన వేరు చేసి, నీళ్ళు కలిపి వడకట్టాను. గాజు పలక మీద ఒక చుక్క వేశాను. పక్కన గట్టుజ్వరం క్రిములున్న నీటి చుక్క. పుల్లతో రెండూ కలిపాను. పాలు విరిగినట్టు విరగాలి. విరిగితే సొన క్రిముల్ని పట్టుకుందని, మందు పని చేస్తుందని అర్థం.

"విరిగింది," అన్నాను.

"ఆమేన్," అన్నాడు రూబేను, కప్పు దగ్గర్నుంచి.

పదకొండేళ్ళుగా రోజూ ఇదే మాట, ఇదే జవాబు. మా ఊళ్ళో మూడు వందల మందిని గట్టుజ్వరం నుంచి కాస్తున్నది ఈ సొనే. మందు చేసే యంత్రాలకి భూమి నుంచి విడిభాగాలు రావాలి. కోడికి గింజలు చాలు.

మధ్యాహ్నం డాక్టర్ జమీలా చిన్న సీసాతో వచ్చింది. ముగ్గురికి జ్వరం తగిలిందట. ముగ్గురూ రోజూ సొన తాగేవాళ్ళే. సీసాలో ఉన్నవి వాళ్ళ ఒంట్లోంచి తీసిన క్రిములు.

"ఒక్కసారి చూడండి సువార్తమ్మ గారూ. నా చేతి పొరపాటు అయితే బాగుండు."

చుక్క వేశాను. కలిపాను. పలకని దీపం దగ్గర పెట్టి చూశాను. మళ్ళీ కలిపాను.

విరగలేదు.


వెలుగు పక్షం, పదకొండో రోజు

నలభై కోళ్ళ గుడ్లూ చూశాం. ఒక్కటీ విరగలేదు. విరగదని చెల్లెలు దీవెన ముందే చెప్పింది. ఈ కోళ్ళని తయారు చేసినది అదే.

"నలభై కోళ్ళు లేవక్కా. ఒక్క కోడే నలభై చోట్ల ఉంది. అన్నిటి సొనా ఒకటే మందు. జ్వరం చొక్కా మార్చుకుంది. మన మందు పాత చొక్కానే వెతుకుతోంది."

"కొత్త క్రిముల్ని చంపి కోడికి సూది వేస్తే? నేర్చుకోదా?"

"ఇవి నేర్చుకోవు. నేర్చుకోకుండానే నేను చేశాను."

ఆ మాట అని కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందేమో అనుకుని దగ్గరికెళ్ళాను. ఏడుపు కాదు. కళ్ళు ఎర్రగా మండుతున్నాయి. నుదురు పట్టి చూశాను.

జమీలాని పిలిచాను.


వెలుగు పక్షం, పన్నెండో రోజు

దీవెన అద్దం గదిలో ఉంది. జ్వరం వచ్చినవాళ్ళు పద్నాలుగు మంది అయ్యారు. అద్దానికి ఇటు నేను, అటు అది. మధ్యలో చిన్న మైకు. చలిగా ఉందంటే నా బొంత లోపలికి పంపించాను.

బొంత గురించి ఒక మాట రాయాలి. నీడగట్టులో ఏడాదికొకసారి విడుపు రోజు వస్తుంది. ఏడాది పాటు ఎవరూ ముట్టని వస్తువు ఏదైనా సరే, కొలిమికి పోవాల్సిందే. ఇక్కడ ఏదీ ఊరికే ఉండకూడదు. ఈ నియమం మీదే మా ఊరు బతికింది. నేను ఎదురు చెప్పను. కానీ అమ్మ పాత చీరల మూట ఒకటి నా దగ్గరుంది. కట్టడానికి పనికిరావు, అన్నీ చిరుగులే. ఏటా విడుపు రోజుకి ముందు మూట విప్పి, ఒక చీరలోంచి జానెడు ముక్క కోసి బొంతకి అతుకు వేస్తాను. ముట్టినట్టే కాబట్టి మూట నిలుస్తుంది. తనిఖీకి వచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. బొంత చూసి, తలాడించి వెళ్ళిపోతారు.

దీవెన ఆ బొంత కప్పుకుని, అతుకుల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కసారి లేచి కూర్చుంది.

"అక్కా! ఇదే. అచ్చం ఇదే!"

"పడుకో."

"పడుకోను. విను. కోడి ఒంట్లో క్రిముల్ని పట్టే ప్రోటీన్లుంటాయి కదా, వాటిని అల్లే జన్యువుల్లో మాట్లాడేది ఒక్కటే. మనుషులకి అవి బోలెడు. కోడికి ఒక్కటే. దాని వెనక వరసగా పాతిక దాకా మూగ జన్యువులు కూర్చుని ఉంటాయి. ఒకదానికి మొదలు లేదు, ఇంకోదానికి చివర లేదు. వాటంతట అవి ఏ ప్రోటీనూ చెయ్యలేవు."

"చిరిగిన చీరలు."

"అదీ! కోడిపిల్లకి తోక దగ్గర చిన్న సంచి ఉంటుంది. అందులో ఒక్కో కణం ఆ మూగవాటి నుంచి ముక్క తీసి, మాట్లాడేదానికి అతుకు వేసుకుంటుంది. ఒక కణం ఈ మూల అతుకుతుంది, ఇంకోటి ఆ మూల. కోట్ల కణాలు, కోట్ల రకాల బొంతలు. కొత్త జ్వరం వచ్చినప్పుడు వాటిలో ఏదో ఒకటి సరిపోతుంది. సరిపోయిన కణమే వేలకి వేలుగా పెరుగుతుంది. అలా నేర్చుకుంటుంది కోడి."

దగ్గు వచ్చింది. ఆగింది. మళ్ళీ తనే మొదలుపెట్టింది.

"పదకొండేళ్ళ క్రితం గట్టుజ్వరానికి అచ్చంగా సరిపోయే బొంత ఒకటి దొరికింది. ఏ కోడి చూసినా అదే ఇవ్వాలి, రోజూ అదే ఇవ్వాలి. మళ్ళీ అతుకులు పడితే అది పాడవుతుంది. అందుకని అదే అన్నిటికీ కుట్టేసి, వెనక మూట మొత్తం తీసేశాను. అందరూ శుద్ధి కోళ్ళన్నారు. చప్పట్లు కొట్టారు."

"మూట ఎక్కడా దాచలేదా? ఒక ముక్క?"

"పాత కోళ్ళ నెత్తురు సీసాల్లో పోసి మంచులా గడ్డకట్టించి పెట్టాను. విడుపు రోజు వచ్చింది." అద్దం మీద చెయ్యి ఆనించింది. "ఏడాది ముట్టలేదక్కా. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను."

బొంత పైకి లాక్కుంది.

"ఒక్క పాత కోడి ఉంటే చాలు," అంది. "శుద్ధి చెయ్యనిది. ఒక్కటి. భూమి నుంచి ఓడ వచ్చేదాకా ఆగలేం."

దాని కళ్ళు మెరుస్తున్నాయి. జ్వరం వల్ల కాదు. చిన్నప్పుడు లెక్క కుదిరితే ఇలాగే మెరిసేవి. కిందికి వెళ్ళి రూబేనుని పిలిచాను.

"ఏంటక్కా?"

"నీ కోళ్ళెక్కడున్నాయి?"

"పొద్దున దించాను కదా, కోళ్ళగదిలోనే..."

"నీ కోళ్ళు."

వాడి ముఖం చూడాల్సిందే. పైన గొట్టాల కేసి చూశాడు.

"ఎవరు చెప్పారు?"

"మేత ఊరికే తరగదు. నీ చేతుల మీద ఆ గీతలు గొట్టాలు చేసినవి కావు. గొట్టం కూయదు కూడా."

"అక్కా, అవి..."

"పందేల సంగతి దేవుడు నిన్ను అడుగుతాడు. నేను అడిగేది కోళ్ళ సంగతి."

తల గోక్కున్నాడు. శుద్ధికి ముందు చంపెయ్యమని ఇచ్చిన పిల్లల్లో నాలుగింటిని నీళ్ళ తొట్టి వెనక దాచాడట. ఇప్పుడున్నవి వాటి మనవలు, మునిమనవలు. ఒక డేగ పుంజు, మూడు పెట్టలు.

"కొలిమికి ఇవ్వాల్సినవి కావక్కా. రోజూ ముడుతూనే ఉన్నాను," అన్నాడు.

పదకొండేళ్ళలో వాడు నాకు చెప్పిన మంచి మాట అదే.


వెలుగు పక్షం, పద్నాలుగో రోజు

నీళ్ళ తొట్టి వెనక గది చూశాను. వాసన చెప్పలేను. గోడల మీద మనిషి ఎత్తున గీతలున్నాయి. ఇక్కడ పందెం నేల మీద జరగదు, గాలిలో జరుగుతుందట. చూడటానికి వచ్చేవాళ్ళు వెల్లకిలా పడుకుని చూస్తారట. ఎవరెవరు వస్తారని అడగలేదు. ఇద్దరి పేర్లు వాడే నోరు జారాడు. ఒకరు మా సంఘంలో కీర్తనలు పాడతారు.

పుంజు నన్ను చూసి మెడ ఈకలు నిక్కించింది. ఎర్రగా, ఎత్తుగా, ఊరి పెద్దలా నిలబడింది. పెట్టలకి పేర్లున్నాయి. నల్లది, బొల్లిది, అత్తగారు.

"నీకు పెళ్ళే కాలేదు. అత్తగారెక్కడిది?"

"అందుకే పెట్టుకున్నాను. ఇల్లన్నాక ఒకళ్ళుండాలి కదా."

అత్తగారు బూడిదరంగులో పొట్టిగా ఉంది. రూబేను చేయి చాపితే పొడిచింది. నేను చాపితే చూసి, ఆలోచించి, పొడిచింది.

మూడింటి నెత్తురూ తీసి, దీవెన జన్యువులు చదివే పరికరంలో పెట్టాం. అద్దం అవతల తెర చూస్తూ అది వేలితో లెక్కపెట్టింది.

"ఉన్నాయి. అక్కా, వరస మొత్తం ఉంది. మూగవన్నీ కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ పోలేదు!"

రూబేను అద్దాన్ని ముద్దు పెట్టుకున్నాడు. నేను తుడిచాను.

శుద్ధి కాని కోడి నీడగట్టులో ఉండకూడదని నియమం. ఎక్కడైనా కనిపిస్తే ఆ రోజే చంపాలి. జమీలా గుమ్మం దగ్గర నిలబడి గదిలోకి తొంగి చూడలేదు. చంపిన క్రిములతో నింపిన మూడు సూదులు నా చేతిలో పెట్టింది.

"నాకు ఇక్కడ కోళ్ళేవీ కనపడలేదు సువార్తమ్మ గారూ."

అప్పుడే లోపల పుంజు కూసింది.

"వినపడనూ లేదు," అంది జమీలా.


చీకటి పక్షం, నాలుగో రోజు

సూర్యుడు దిగిపోయి నాలుగు రోజులైంది. ఇంకో పది రోజులు కరెంటు పొదుపు. జ్వరాలు ముప్పై దాటాయి.

నిన్న ఏసుపాదం గారు పోయారు. పంపుల గదిలో రూబేనుకి పని నేర్పిన మనిషి. ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. చేశాను. రూబేను వెనక నిలబడి, టోపీ నలుపుతూ ఉండిపోయాడు.

దీవెన ఇవాళ లేవలేదు. అన్నం వద్దంది. గంజి రెండు గుటకలు తాగింది.

పెట్టలు గుడ్లు పెడుతున్నాయి. పలక మీద ఏవీ విరగడం లేదు. తొందరపడకూడదని జమీలా చెప్పింది. కోడి నెత్తురులోకి రావాలి, అక్కడి నుంచి సొనలోకి దిగాలి. నాకు తెలుసు. అయినా పొద్దున్నే పరిగెత్తుకుంటూ వెళ్తున్నాను. ఈ వయసులో, ఈ చంద్రుడి మీద పరిగెత్తితే తల కప్పుకి తగులుతుంది. రెండుసార్లు తగిలింది.


చీకటి పక్షం, ఏడో రోజు

నల్లది, బొల్లిది పెడుతున్నాయి. విరగడం లేదు. అత్తగారు పెట్టడం మానేసింది.

"కోపమొచ్చింది," అన్నాడు రూబేను. "సూది వేశాం కదా."

"చీకటి," అన్నాను. "ఇవాళ ఇది, రేపు మిగతా రెండూ."

కోడి పెట్టాలంటే పద్నాలుగు గంటలు వెలుతురు చూడాలి. కోళ్ళగదికి దీపాలు కేటాయించారు. తొట్టి వెనక గదికి లేవు, అలాంటి గది ఉన్నట్టే ఊరికి తెలియదు కనక. కోళ్ళగదిలోకి తెద్దామంటే నలభై శుద్ధి కోళ్ళూ, తనిఖీవాళ్ళూ ఉన్నారు.

మా ఇంటి దీపాలు తీసి అక్కడ పెట్టాం. మా ఇద్దరి గదులవీ, దీవెన గదివీ. ఇప్పుడు నేను చీకట్లో వంట చేస్తున్నాను. రూబేను ఉప్పనుకుని పంచదార వేశాడు. పప్పు తియ్యగా ఉంది. తిన్నాం.


చీకటి పక్షం, పదో రోజు

అత్తగారు పెట్టింది!

రూబేను గుడ్డు రెండు చేతుల్లో పట్టుకుని మేడ మెట్ల మీదుగా ఎగురుకుంటూ వచ్చాడు. నిజంగా ఎగురుకుంటూనే. ఒక్కో గెంతుకి నాలుగు మెట్లు.

పగలగొట్టాను. సొన ముదురు రంగు, దాదాపు నారింజ. నీళ్ళు కలిపాను, వడకట్టాను. పలక మీద మూడు చుక్కలు వేశాను. నల్లదానిది, బొల్లిదానిది, అత్తగారిది. మూడింటి పక్కనా కొత్త జ్వరం చుక్కలు. జమీలా నా భుజం మీంచి వంగి చూస్తోంది. అద్దం అవతల దీవెన మోచేతి మీద లేచింది.

నల్లదాని చుక్క కలిపాను. తేటగా ఉంది.

బొల్లిదాని చుక్క కలిపాను. తేటగానే ఉంది.

మూడో చుక్కలో పుల్ల పెట్టాను. ఒక చుట్టు తిప్పాను, రెండు చుట్లు తిప్పాను. మొదట అంచున చిన్న నలక కనిపించింది. దుమ్మేమో అనుకున్నాను. పక్కన ఇంకో నలక. తర్వాత చుక్క మధ్యలో తెల్లగా ముద్దలు తేలాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుంటూ పోయాయి. చుట్టూ నీరు తేటపడింది. బెజవాడలో ఎండాకాలం మధ్యాహ్నం పొయ్యి మీద మర్చిపోయిన పాలు ఎలా విరిగేవో, అంత శుభ్రంగా.

అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పడం నా పని.

పలకని దీపం దగ్గరికి ఎత్తి మళ్ళీ చూశాను. పదకొండేళ్ళు రోజూ అన్న మాట. ఇవాళ తప్పు చెప్పకూడదు.

"అక్కా!" అంది దీవెన, మైకులోంచి. "చెప్పవే!"

అది నన్ను ఎప్పుడూ వే అనలేదు.

"విరిగింది," అన్నాను.

రూబేను ఆమేన్ అనలేదు. కేక పెట్టాడు. ఆ కేకకి మందలో నలభై కోళ్ళూ ఒక్కసారి కప్పెక్కి కూర్చున్నాయి. తొట్టి వెనక నుంచి పుంజు జవాబు చెప్పింది. జమీలా నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. ఇక్కడ మనిషిని తిప్పితే కాళ్ళు నేల వదిలేస్తాయి. నేను గాలిలో ఉండగానే స్తోత్రం చెప్పుకున్నాను.

ఒక గుడ్డు సొన నలుగురికి సరిపోతుందని జమీలా చెప్పింది. "కోడి మీది. మొదటి నలుగురు ఎవరో మీరే చెప్పండి."

"నువ్వు చెప్పమ్మా. ఎవరికి ఎక్కువగా ఉంటే వాళ్ళకి."

ఆమె కాగితం తీసి పేర్లు చదివింది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. మూడో పేరు దీవెన.


చీకటి పక్షం, పద్నాలుగో రోజు

పొద్దున దీవెన నాలుగు ఇడ్లీలు తిని, కారప్పొడి బాగాలేదంది. జ్వరం లేదు. మొదటి నలుగురిలో ముగ్గురికి తగ్గింది, నాలుగో మనిషి ఇంకా పోరాడుతున్నాడు. అత్తగారు రోజూ పెట్టదు, ఒక రోజు మానేస్తుంది. ఉన్నదాన్ని జమీలా కొలిచి పంచుతోంది. నిన్న బొల్లిదాని సొన కూడా కాస్త విరిగింది. అత్తగారి దానంత కాదు, ముద్దలు చిన్నవి. కానీ విరిగింది.

ఊరి పెద్దలకి జమీలాయే చెప్పింది. వాళ్ళు వచ్చి తొట్టి వెనక గది చూశారు. కీర్తనలు పాడే ఆయన కూడా వచ్చి, మొదటిసారి చూస్తున్నట్టు ఆశ్చర్యపోయాడు. పుంజు ఆయన్ని గుర్తుపట్టి దగ్గరికి వెళ్ళింది. పెద్దలు తల పంకించి, ఈ కోళ్ళని ఏం చెయ్యాలో మీ కుటుంబమే చెప్పండి, మేము సంతకం పెడతాం అన్నారు.

సాయంత్రం అద్దం దగ్గర కూర్చున్నాం. ఇటు నేను, రూబేను. అటు దీవెన, బొంత భుజాల మీద వేసుకుని. దానికి ఒంట్లో ఓపిక వచ్చినట్టుంది, వాదన మొదలుపెట్టింది.

అత్తగారి గుడ్లు తినడానికా పొదగడానికా అన్నది మొదటి మాట. జ్వరంతో ఉన్నవాళ్ళు ఇంకా నలభై మంది. అన్నీ వాళ్ళకి ఇచ్చేస్తే, అత్తగారు పోయిన రోజు మళ్ళీ మొదటికి వస్తాం. అన్నీ పొదిగితే ఆ పిల్లలు పెట్టేసరికి ఐదారు నెలలు. వారంలో ఒక గుడ్డు పొదగడానికి, మిగిలినవి జ్వరాలకి అనుకున్నాం. ఆ ఒక్కటీ రూబేను చొక్కాలో పెట్టుకుని తిరుగుతానన్నాడు. వద్దన్నాం. పొదిగే పెట్టె ఉంది.

రెండో మాట నేనే అన్నాను.

"పుంజుని మందలో వదులుదాం."

దీవెన బొంత జారిపోయింది.

"శుద్ధి మందలోనా? అక్కా, నలభై కోళ్ళు! పదకొండేళ్ళు! ఆ డేగ ఒక్క వారంలో మొత్తం చెడగొట్టేస్తుంది."

"చెడనీ."

"నీకు అర్థం కావడం లేదు. పిల్లలకి తండ్రి వైపు నుంచే మూట వస్తుంది. తల్లి వైపు వరస ఖాళీ. సగం కణాలకే అతుకులు పడతాయి. సగమే."

"సగం చాలు."

"పాత మందు కూడా పలచబడుతుంది. ఏ కోడి ఏమిస్తుందో రోజూ చూసుకోవాలి. ఒక్కో గుడ్డూ, ఒక్కో పలక."

"చూస్తాను. రోజూ ఉన్న పనే."

అది నన్ను చూసింది. రూబేనుని చూసింది. వాడు పైన గొట్టాల కేసి చూస్తున్నాడు.

"నువ్వేమంటావురా?" అంది.

"నేనేమంటాను? మా డేగకి నలభై మంది పెళ్ళాలంటే కాదంటానా?"

దీవెన నవ్వింది. దగ్గు వచ్చింది, నవ్వుతూనే దగ్గింది. తర్వాత మెల్లగా అంది, "నేను కొలిమికి ఇచ్చింది, వీడు తొట్టి వెనక పెంచాడు."

"పెంచలేదు, పందేలాడాను," అన్నాడు రూబేను. వాడికి నిజం చెప్పడం కొత్తగా అలవాటవుతోంది.

తీర్మానించినది ఇది. అత్తగారి గుడ్లలో వారానికొకటి పొదగాలి. మిగతావి జ్వరాలకి పోవాలి. పందేలు ఆపాలి. రూబేను నెలకొకటి ఉండనివ్వమన్నాడు, నేను చూశాను, ఊరుకున్నాడు. కోళ్ళ నెత్తురు సీసాలకి విడుపు రోజు వర్తించకూడదని పెద్దల్ని అడగాలి. ముట్టినా, ముట్టకపోయినా.

రేపు పొద్దున సూర్యుడు ఎక్కగానే డేగని మందలోకి తీసుకెళ్ళాలి. ఎవరు తీసుకెళ్ళాలన్న దగ్గర కాసేపు ఆగాం. రూబేను చేతుల్లో ఉంటే అది పందెమనుకుని పొడుస్తుందట. దీవెన గదిలోంచి రాకూడదు. నేనే ఎత్తుకెళ్ళాలని తేల్చారు. గోళ్ళు, ముక్కు గట్టివి కనక మోచేతుల దాకా గుడ్డ చుట్టుకోమన్నారు.

అమ్మ మూట విప్పాను. ఆకుపచ్చ నూలు చీర ఒకటి, కొంగు మిగిలింది. రెండు ముక్కలు చించి పక్కన పెట్టాను.

ఈ ఏటికి మూట ముట్టినట్టే.